మానసిక ఒత్తిడి, తిరగబెట్టే చర్మవ్యాధులు: చిక్కపేట నేపథ్యంలో

చర్మానికి సోకిన అంటువ్యాధి మందుతో తగ్గి, కొన్ని వారాలకో నెలలకో అదే మనిషిని మళ్లీ పట్టుకోవడం చర్మవైద్యుల దగ్గరికి నిత్యం వచ్చే సమస్య. సెగగడ్డలు, తామర, పెదవి అంచున లేచే నీటిపొక్కులు, గోరుచుట్టు, కంటికురుపు ఈ కోవలోవి. సెగగడ్డలు ఏడాదిలో మూడుసార్లో అంతకు మించో లేస్తే వైద్యులు దాన్ని తిరగబెట్టే వ్యాధి కిందే లెక్క వేస్తారు. ఇలా బాధపడేవాళ్లు తమకు తోచిన కారణాలు రెండు చెబుతారు. ఒకటి "వేడి చేసింది", రెండోది "టెన్షన్ ఎక్కువైంది". ఈ రెండో మాటలో నిజం ఉంది గానీ అది సగం నిజం. ఒత్తిడి సూక్ష్మక్రిమిని పుట్టించదు. అప్పటికే ఒంటి మీదో, ఇంట్లోనో ఉన్న క్రిమికి చర్మం లొంగిపోయే పరిస్థితిని తెస్తుంది. ఆ పని ఏ జబ్బులో ఎంతవరకు చేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది తేల్చుకోకపోతే వైద్యం రెండు వైపులా దారి తప్పుతుంది. ఒకవైపు "అంతా మనసులోనే ఉంది" అని రోగిని పంపేస్తారు. మరోవైపు మనసు సంగతే ఎత్తకుండా ఏడాదంతా క్రీములు రాస్తూ పోతారు.

ఈ విషయాన్ని బెంగళూరు చిక్కపేటను ఆధారం చేసుకుని పరిశీలించడానికి తగిన కారణమే ఉంది. ఒత్తిడి, చెమట, ఇరుకు, డాక్టరు చీటీ లేకుండా దొరికే క్రీము, ఈ నాలుగూ కలిసే చోటు పాత బజారు. దక్షిణాదిలో అలాంటి పెద్ద బజార్లలో చిక్కపేట ఒకటి.

చిక్కపేట: పని, ఇరుకు, సీజను

కెంపేగౌడ 1537లో మట్టికోట లోపల స్థాపించిన పాత బెంగళూరు పేటలోదే చిక్కపేట. నేడు దాని చుట్టూ బళేపేట, నగర్తపేట, కబ్బన్‌పేట, మామూలుపేట, అవెన్యూ రోడ్డు అల్లుకుని ఉన్నాయి. దేవాంగులు, పద్మశాలీలు, తొగటలు, బలిజలు, ఆర్యవైశ్యులు వంటి తెలుగు మూలాలున్న నేత, వర్తక కుటుంబాలు ఈ పేటల్లో తరతరాలుగా ఉన్నాయి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు ప్రాంతాల్లో పెళ్లి కుదిరితే చీరల కోసం చిక్కపేటకు బయల్దేరడం ఇప్పటికీ మామూలే. ధర్మవరం పట్టు కూడా ఇక్కడి అంగళ్లలో విరివిగా అమ్ముడవుతుంది. ఒకే దుకాణంలో గుమాస్తా కన్నడంలో ధర చెప్పి, తెలుగులో బేరమాడి, హిందీలో సరుకు తెప్పించడం ఇక్కడ రోజువారీ దృశ్యం.

పని తీరు చూస్తే చర్మం మీద పడే భారం అర్థమవుతుంది. పట్టుచీరల అంగట్లో గుమాస్తా తెల్లటి పరుపు మీద మఠం వేసుకుని గంటల తరబడి మడతలు విప్పి చూపుతాడు, మళ్లీ మడుస్తాడు. హోల్‌సేల్ దుకాణాల్లో కుర్రాళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. హమాలీలు బేళ్లు వీపున మోస్తూ మనుషులూ బండ్లూ కిక్కిరిసిన సందుల్లో నడుస్తారు. తొడలు, గజ్జలు, చంకలు, నడుము పట్టీ కింద చర్మం చెమటకు నాని, బట్ట రాపిడికి ఒరుస్తుంది. ఊరి నుంచి వచ్చిన కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకే గదిలో ఉంటే తువ్వాలు, దుప్పటి, కొన్నిసార్లు రేజరు కూడా ఉమ్మడి అవుతాయి.

మనసు మీద పడే భారం దీనికి తోడు. మాఘం నుంచి వైశాఖం దాకా, మళ్లీ శ్రావణం నుంచి దీపావళి దాకా ముహూర్తాలూ పండుగలూ ఉన్న నెలల్లో కౌంటరు దగ్గర ఊపిరి సలపదు. ఆషాఢంలో బేరాలు పడిపోయి జీతం, కమిషను గురించిన గుబులు మొదలవుతుంది. చిన్న వ్యాపారికి ఉద్దరకిచ్చిన సరుకు డబ్బు రాకపోవడం, చీటీ పాట కట్టాల్సిన తేదీ, ఫైనాన్సు వడ్డీ, ఆన్‌లైన్ అమ్మకాల పోటీ ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఇవి ఒక్కరోజుతో పోయే ఆందోళనలు కావు, వారాలూ నెలలూ సాగుతాయి. పరిశోధనల దృష్ట్యా ఈ సాగడమే కీలకం.

ఈ పేటకు అంటువ్యాధుల చరిత్ర కొత్త కాదు. 1898 ఆగస్టులో బెంగళూరుకు ప్లేగు వచ్చినప్పుడు ఇరుకైన పేట వీధులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. గాలీ వెలుతురూ ఉన్న కొత్త బస్తీలుగా బసవనగుడి, మల్లేశ్వరం పెరగడానికి ఆ విపత్తు ఒక ప్రధాన కారణం. పేట అంచున, సిటీ మార్కెట్ పక్కన, విక్టోరియా ఆసుపత్రి 1900 డిసెంబరులో తెరుచుకుంది. చిక్కపేట కార్మికుడికి ఇప్పటికీ అందుబాటులో ఉన్న పెద్ద సర్కారు ఆసుపత్రి అదే.

ఒత్తిడి చర్మం దాకా ఎలా చేరుతుంది

మెదడులోని హైపోథాలమస్ ప్రమాదాన్ని పసిగట్టి పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. అది రక్తంలోకి వదిలిన హార్మోను మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులను కదిలిస్తుంది. అవి కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. రకరకాల కష్టాలకు శరీరం ఒకే తీరున స్పందిస్తుందని హాన్స్ సెల్యె 1936లో నేచర్ పత్రికలో ప్రకటించిన చిన్న లేఖ ఈ శాస్త్రానికి నాంది. కార్టిసాల్ శత్రువు కాదు. అది లేకపోతే మనిషి బతకడు. రోజుల తరబడి దాని మోతాదు దిగిరాకపోయినప్పుడే సమస్య మొదలవుతుంది.

చర్మం పైపొర గోడలాంటిది. చదునైన మృతకణాలు ఇటుకలైతే వాటి మధ్య నిండే కొవ్వు పదార్థం సున్నం. ఈ సున్నం తయారీని కార్టిసాల్ మందగింపజేస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో 27 మంది వైద్య, దంతవైద్య, ఫార్మసీ విద్యార్థులను పరీక్షల రోజుల్లోనూ సెలవుల్లోనూ పరిశీలించారు. వాళ్ల చర్మం పైపొరను టేపుతో కొద్దిగా ఊడదీసి, అది తిరిగి కూడుకోవడానికి పట్టే కాలాన్ని కొలిచారు. పరీక్షల సమయంలో ఆ మరమ్మతు నెమ్మదించింది. ఎవరు ఎక్కువ ఒత్తిడిలో ఉన్నారో వాళ్లలో మరింత నెమ్మదించింది. వాళ్లెవరికీ చర్మవ్యాధి లేదన్నది గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కూడా యజమాని గుబులుకు స్పందిస్తోందని దీని అర్థం.

గోడ ఒక్కటే కాదు. చర్మకణాలు స్వయంగా సూక్ష్మక్రిములను చంపే చిన్న ప్రొటీన్లను తయారు చేసుకుంటాయి. కెథలిసిడిన్, బీటా డిఫెన్సిన్ వాటిలో ముఖ్యమైనవి. ఒక రకంగా ఇవి చర్మం సొంతంగా చేసుకునే యాంటీబయాటిక్‌లు. 2007లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌లో వచ్చిన ఒక పరిశోధన ఈ వ్యాసాంశానికి గుండెకాయ. ఒత్తిడికి గురిచేసిన ఎలుకల చర్మంలో ఈ ప్రొటీన్లు తగ్గాయి. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా ఎక్కించినప్పుడు వాటికి వచ్చిన పుండ్లు మామూలు ఎలుకల కంటే తీవ్రంగా ఉన్నాయి. గ్లూకోకార్టికాయిడ్ల (కార్టిసాల్ కుటుంబపు హార్మోన్ల) ప్రభావాన్ని మందుతో అడ్డుకున్నప్పుడు చర్మం రక్షణ తిరిగి వచ్చింది. అంటే ఒత్తిడికీ పుండుకూ మధ్య ఉన్న దారిలో కనీసం ఒక మజిలీ పేరు మనకు తెలిసింది. అంతకు ముందు 2002లో అమెరికాలో జరిగిన మరో ప్రయోగంలో, కదలకుండా బంధించిన ఎలుకల గాయాల్లో బాక్టీరియా ఎక్కువ కాలం, ఎక్కువ సంఖ్యలో నిలిచిపోయింది.

మనుషుల్లో గాయాల సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో లాన్సెట్‌లో ప్రచురించిన పరిశోధనలో, మతిమరపు వ్యాధి ఉన్న బంధువును ఇంట్లో చూసుకుంటున్న 13 మంది స్త్రీలను, అదే వయసున్న మరో 13 మందితో పోల్చారు. ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి మానే దాకా గమనించారు. సేవలో అలసినవారికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. ఇదే బృందం 2005లో 42 జంటలను పరిశీలించి, కటువుగా తగవుపడే దంపతులకు గాయం మానే వేగం మిగతావారి వేగంలో 60 శాతమే ఉందని చూపింది. మానని గాయం అంటే ఎక్కువ రోజులు తెరిచి ఉన్న వాకిలి. తిరగబెట్టే వ్యాధికి ఇంతకు మించిన అవకాశం అక్కర్లేదు.

అయితే ప్రతి ఒత్తిడీ చేటు కాదు. ఫిర్దౌస్ ధాబర్, బ్రూస్ మెక్‌ఎవెన్ 1997లో ఎలుకల చర్మం మీద చేసిన ప్రయోగంలో కొద్ది గంటల ఒత్తిడి రక్షణను పెంచింది, వారాల ఒత్తిడి తగ్గించింది. 2004లో సెగర్‌స్ట్రామ్, మిల్లర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 30 ఏళ్లలో వచ్చిన 293 పరిశోధనలను కలిపి చూసినా మనుషుల విషయంలో దాదాపు ఇదే తేలింది. పెళ్లిళ్ల సీజనులో ఒక రోజు రద్దీ ఎవరి చర్మాన్నీ పాడుచేయదు. తీరని అప్పు, నిద్రలేని రాత్రులు నెలల తరబడి కలిసి నడిచినప్పుడు ప్రమాదం.

గోకడం ఈ కథలో మరో మలుపు. ఒత్తిడి వల్ల నరాల చివర్ల నుంచి విడుదలయ్యే రసాయనాలు దురదను పెంచుతాయి. దురద పుడితే గోకుతాం. గోరు చేసిన గీతలోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. 2023లో హార్వర్డ్‌లోని ఐజాక్ చియు బృందం సెల్ పత్రికలో చూపిన విషయం దీనికి కొత్త కోణం ఇచ్చింది. సెగగడ్డలకు కారణమైన స్టెఫైలోకాకస్ ఆరియస్ బాక్టీరియా వదిలే ఒక ఎంజైము ఎలుకల చర్మంలోని నరాలను నేరుగా తట్టి దురద పుట్టించింది. తాను పాకడానికి కావలసిన గోకుడును ఆ క్రిమి తానే రప్పించుకుంటోందన్న మాట.

ఇక చక్కెర. కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. అదుపు తప్పిన మధుమేహంలో సెగగడ్డలూ శిలీంధ్ర వ్యాధులూ సులువుగా తిరగబెడతాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది, మరో 15 శాతం మంది దాని గుమ్మంలో ఉన్నారు. రోజంతా కూర్చుని, వేళ తప్పి తినే వ్యాపారికి మళ్లీ మళ్లీ సెగగడ్డ లేస్తే "టెన్షన్" అనుకునే ముందు షుగరు పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

ఏ జబ్బులో ఎంత రుజువు

అన్ని చర్మవ్యాధులకూ ఒకే మాట చెల్లదు. రుజువు బలంగా ఉన్నది హెర్పిస్ విషయంలో. ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది శరీరంలో మొదటి రకం హెర్పిస్ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒకసారి వచ్చాక అది నరాల ముడిలో దాగి నిద్రపోతుంది, అదను దొరికినప్పుడు నరం వెంట దిగివచ్చి పెదవి అంచున పొక్కుతుంది. జననాంగాల దగ్గర వచ్చే హెర్పిస్ ఉన్న 58 మంది స్త్రీలను ఆరు నెలల పాటు వారం వారం పరిశీలించి 1999లో ప్రచురించిన పరిశోధనలో ఒక సూక్ష్మమైన తేడా బయటపడింది. వారానికి మించి సాగిన ఒత్తిడి తర్వాత పొక్కులు తిరగబెట్టాయి. ఒకటి రెండు రోజుల చిరాకు, కోపం, దిగులు వాటిని తిరగబెట్టించలేదు. పొక్కులు మళ్లీ వస్తాయేమోనని గుబులుపడేవారికి ఇది చెబితే ఒక విధంగా ఊరట. ప్రతి చిన్న కోపానికీ భయపడనక్కర్లేదు.

సర్పి విషయంలో సాక్ష్యం రెండు వైపులా ఉంది. కన్నడిగులు సర్పసుత్తు అనే ఈ వ్యాధి చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ ఏళ్ల తర్వాత మేల్కోవడం వల్ల వస్తుంది. పెద్ద దుఃఖం తర్వాత సర్పి వచ్చిందని చాలామంది చెబుతారు. కానీ డెన్మార్క్, బ్రిటన్‌లలో పెద్ద ఎత్తున రికార్డులు పరిశీలించినప్పుడు జీవిత భాగస్వామిని కోల్పోయినవారిలో సర్పి ఎక్కువగా కనబడలేదు. దీనికి వయసే అన్నిటికంటే పెద్ద కారణం. అమెరికాలో 2007లో 112 మంది వృద్ధుల మీద జరిగిన ప్రయోగంలో మాత్రం తాయ్‌చీ సాధన ఈ వైరస్ మీద రోగనిరోధక స్పందనను పెంచింది.

సెగగడ్డల విషయంలో ఎలుకల సాక్ష్యం బలమైనది, మనుషుల సాక్ష్యం పరోక్షమైనది. స్టెఫైలోకాకస్ ఆరియస్ దాదాపు 30 శాతం మంది ముక్కులో నిశ్శబ్దంగా కాపురం ఉంటుంది. గడ్డ తగ్గినా ముక్కులోని నిల్వ తగ్గదు. ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి చేరుతూ ఉంటుంది. కాబట్టి తిరగబెట్టడానికి మొదటి కారణం ఈ నిల్వే. చెమట, రాపిడి, గడ్డం గీసుకోవడంలో తగిలే గాట్లు దానికి తోడవుతాయి. ఒత్తిడిది సహాయపాత్ర. మామిడిపండ్లు తిన్నందుకు వేడి చేసి గడ్డ లేచిందన్న నమ్మకానికి శాస్త్రంలో ఆధారం లేదు. మామిడి వచ్చేదీ, చెమట కారేదీ ఒకే ఎండల్లో కావడం వల్ల ఆ నమ్మకం నిలబడిపోయింది.

తామర దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. దాన్ని వివరంగా చూడాలి.

లోపలి స్టెరాయిడు, బయటి స్టెరాయిడు

గత పదిహేనేళ్లుగా భారతదేశంలో తామర స్వభావం మారిపోయింది. ఒకప్పుడు రెండు మూడు వారాల పూత మందుతో పోయే గజకర్ణం ఇప్పుడు ఒళ్లంతా పాకుతోంది, ఇంటిల్లిపాదికీ అంటుతోంది, నెలల తరబడి మందు వాడినా తిరిగి వస్తోంది. దీనికి కారణమైన శిలీంధ్రాన్ని 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని ప్రత్యేక జాతిగా గుర్తించారు. టెర్బినఫిన్ అనే ప్రధాన మందుకు ఇది తరచు లొంగదు. 2023లో న్యూయార్క్‌లోనూ ఇద్దరు రోగుల్లో ఇది బయటపడింది.

దీని వ్యాప్తికి భారతీయ చర్మవైద్యుల సంఘం ఏళ్లుగా వేలెత్తి చూపుతున్న కారణం మిశ్రమ క్రీములు. ఒక శిలీంధ్ర నాశని, ఒక యాంటీబయాటిక్, ఒక శక్తివంతమైన స్టెరాయిడు, మూడూ ఒకే ట్యూబులో ఉంటాయి. రాసిన రెండో రోజుకే దురద, ఎరుపు మాయమవుతాయి. మందు పనిచేసిందనిపిస్తుంది. నిజానికి స్టెరాయిడు చర్మం రక్షణను నిద్రపుచ్చింది. శిలీంధ్రం కింద నిశ్చింతగా పెరుగుతుంది. క్రీము ఆపగానే రెట్టింపు మంటతో బయటపడుతుంది, మనిషి మళ్లీ అదే ట్యూబు కొంటాడు. స్టెరాయిడు వల్ల రూపం మారి గుర్తుపట్టలేకుండా పోయిన ఈ తామరను ఐవ్, మార్క్స్ అనే ఇద్దరు వైద్యులు 1968లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వర్ణించారు.

ఒత్తిడికీ ఈ క్రీముకూ ఉన్న చుట్టరికం చాలామంది గమనించనిది. అడ్రినల్ గ్రంథి తయారుచేసే కార్టిసాల్, ట్యూబులోని స్టెరాయిడు ఒకే రసాయన కుటుంబానివి. చర్మకణంలో ఒకే గ్రాహకాన్ని పట్టుకుంటాయి. పై ప్రయోగాల్లో ఒత్తిడి చేసిన పనినే, అంటే గోడను పలచబరచి, క్రిమినాశక ప్రొటీన్లను తగ్గించే పనినే, క్రీము నేరుగా, కొన్ని రెట్ల బలంతో చేస్తుంది. కార్టిసోన్ వైద్యంలోకి వచ్చినప్పుడు అది నిజంగా వరం. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. 1952లో హైడ్రోకార్టిసోన్ పూతమందుగా చర్మవైద్యాన్నే మార్చింది. ఎగ్జిమాకు ఇవాళ్టికీ అది మేలైన మందు. అదే మందు తామర మీద, చీటీ లేకుండా, నెలలపాటు పడితే విషమవుతుంది. పగలంతా కౌంటరు దగ్గర అందరి ముందూ గజ్జల్లో దురదను ఓర్చుకోవాల్సిన మనిషి, సెలవు పెడితే కూలి పోయే మనిషి, రెండు రోజుల్లో తగ్గించే ట్యూబునే ఎంచుకుంటాడు. అతడి లోపల ఒత్తిడి చేస్తున్న పనికి బయట నుంచి క్రీము చేయి కలుపుతుంది. ఒత్తిడి తామరను నేరుగా తిరగబెట్టిస్తుందనడానికి మనుషుల్లో గట్టి రుజువు లేదు. ఒత్తిడిలో ఉన్న మనిషిని తప్పుడు మందు వైపు నెట్టి తిరగబెట్టిస్తుందని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. ఈ వ్యాసకర్త దృష్టిలో భారతీయ బజార్లకు సంబంధించినంతవరకు అసలు సంబంధం ఇదే.

ప్రభుత్వం కొంత చేసింది. 2018 మార్చిలో 14 పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ ఔషధాలను నిషేధించింది, వాటిలో కొన్ని ఇలాంటి క్రీములూ ఉన్నాయి. అమలు మాత్రం మందుల షాపు కౌంటరు దగ్గరే తేలాలి.

జబ్బు నుంచి మనసుకు

బాణం ఒకవైపే పోదు. చర్మవ్యాధి నలుగురికీ కనబడుతుంది. బట్టలు ముట్టి చూపే వృత్తిలో చేతి మీద పొక్కులున్న గుమాస్తాను యజమాని వెనక గోదాముకు పంపవచ్చు. పెళ్లి సంబంధం చూస్తున్న అమ్మాయి మెడ మీద తామర మచ్చ ఇంటిల్లిపాదికీ దిగులవుతుంది. చర్మవ్యాధి జీవితాన్ని ఎంత కుంగదీస్తుందో కొలవడానికి ఫిన్‌లే, ఖాన్ 1994లో వేల్స్‌లో 10 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. సున్నా నుంచి 30 దాకా మార్కులుంటాయి. నిద్ర, సిగ్గు, బట్టల ఎంపిక, పని, దాంపత్యం అన్నీ అందులో ఉన్నాయి. భారతదేశంలో మొండి తామర ఉన్నవారిని ఈ ప్రశ్నలడిగినప్పుడు వారి జీవితం గణనీయంగా దెబ్బతింటోందని పలు ఆసుపత్రుల అధ్యయనాలు తెలిపాయి. రాత్రి దురదకు నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే కార్టిసాల్ లయ తప్పుతుంది, తెల్లారి చర్మం మరింత బలహీనంగా ఉంటుంది. ఎక్కడ మొదలైందో తేల్చలేని ఈ వలయంలో వైద్యుడు ఏదో ఒకచోట చేయి పెట్టి ఆపాలి. రెండు చోట్ల ఆపగలిగితే ఇంకా మేలు.

వైద్యం

మొదట క్రిమి సంగతి చూడాలి. చీము పట్టిన గడ్డను ఇంట్లో పిండకూడదు. పెద్దదైతే వైద్యుడు కోసి చీము తీస్తాడు. మాటిమాటికీ వచ్చేవారికి చీమును పరీక్షకు పంపి ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో చూస్తారు. ముక్కులోని నిల్వను తొలగించడానికి మ్యుపిరోసిన్ లేపనం రోజుకు రెండుసార్లు 5 రోజులు, క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం సూచిస్తారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పిల్లల మీద జరిగి 2012లో వెలువడిన పరిశోధనలో, రోగి ఒక్కడికే ఈ వైద్యం చేసిన ఇళ్లలో ఏడాదిలో 72 శాతం మందికి గడ్డలు తిరగబెట్టాయి. ఇంటిల్లిపాదికీ చేసిన ఇళ్లలో 52 శాతానికి తగ్గాయి. ఒకే గదిలో ఉండే చిక్కపేట కుర్రాళ్లకు ఈ ఫలితం సూటిగా వర్తిస్తుంది. గదిలో అందరూ కలిసి వైద్యం చేయించుకుని, తువ్వాళ్లూ రేజర్లూ వేరు చేసుకోవాలి.

సెగగడ్డలకు నేటికీ వాడే డాక్సిసైక్లిన్ వెనుక తెలుగువారికి ఆత్మీయమైన పేరు ఒకటుంది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్. అది 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చినప్పుడు అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసినవాడు బెంజమిన్ డగ్గర్. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పేరు తర్వాత ఒక శిలీంధ్రానికి కూడా పెట్టారు.

తామరకు మొదటి చికిత్స మిశ్రమ క్రీమును ఆపడం. ఆపిన మొదటి వారం దురద పెరుగుతుందని ముందే చెప్పకపోతే రోగి తిరిగి ట్యూబు పడతాడు. తర్వాత నోటి మందు, పూత మందు వైద్యుడు చెప్పినన్ని వారాలు, మచ్చ పోయాక కూడా కొంతకాలం వాడాలి. లోపలి బట్టలు విడిగా ఉతికి ఎండలో ఆరేయడం, బిగుతు జీన్స్ మానడం, ఇంట్లో దురద ఉన్నవారందరికీ ఒకేసారి వైద్యం చేయించడం ఇందులో భాగమే.

మనసు వైపు వైద్యానికి ఏపాటి రుజువుంది? గాయం మానడం మీద ఉంది. న్యూజిలాండ్‌లో 2013లో 49 మంది వృద్ధుల్లో కొందరిని మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు తమ మనసులోని బాధను కాగితం మీద పెట్టమన్నారు. మిగతావారిని మామూలు దినచర్య రాయమన్నారు. తర్వాత చేసిన చిన్న గాయం 11వ రోజుకు మొదటి గుంపులో 76 శాతం మందికి మానింది, రెండో గుంపులో 42 శాతం మందికే మానింది. తిరగబెట్టే సెగగడ్డలను ధ్యానమో కౌన్సెలింగో ఆపుతాయని ఇంత గట్టిగా చెప్పగల ప్రయోగాలు లేవు. కాబట్టి వీటిని యాంటీబయాటిక్‌కు బదులుగా కాక, దానితో పాటు వాడాలి. గోకే అలవాటు మాన్పించే శిక్షణ, నిద్ర సరిచేయడం, తీవ్రమైన దిగులుకు మందులు ఎగ్జిమా ఉన్నవారికి ప్రత్యేకంగా ఉపయోగపడతాయి.

ఈ విషయంలో చిక్కపేట అదృష్టమున్న చోటు. విక్టోరియా ఆసుపత్రి నడక దూరంలో ఉంటే, దేశంలో మానసిక ఆరోగ్యానికి పెద్దదిక్కయిన నిమ్హాన్స్ నాలుగైదు కిలోమీటర్ల దూరంలో హోసూరు రోడ్డు మీద ఉంది. 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను పాత మైసూరు మానసిక ఆసుపత్రితో కలిపి 1974లో దాన్ని ఏర్పాటు చేశారు. అది 2015–16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు, వాళ్లలో ఎక్కువమంది వైద్యం అందుకోనట్టు తేలింది. అంగడి వదిలి రాలేనివారికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే పగలూ రాత్రీ తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చర్మం డాక్టరు రాసే చీటీ వెనక ఈ నంబరు కూడా రాసివ్వడం కష్టమేమీ కాదు.

పని చోటు మారకుండా ఇవన్నీ సగమే పనిచేస్తాయి. కర్ణాటక దుకాణాల చట్టం 1961 నుంచి రోజుకు 9 గంటల పని, వారానికో సెలవు అంటోంది. అంగళ్లలో నిలబడే సిబ్బందికి కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. కూర్చునే స్టూలు, తిరిగే ఫ్యాను, చేతులు కడుక్కునే నీళ్లు, వాడదగిన మరుగుదొడ్డి, మధ్యాహ్నం చొక్కా మార్చుకునే వీలు, వైద్యానికి కూలి కోయని ఒక పూట సెలవు కావాలి. వీటిని సౌకర్యాలుగా కాక చర్మవ్యాధి నివారణగా చూడాలని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

గడ్డ చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకుతున్నా, చలిజ్వరం వచ్చినా, ముక్కుకూ పైపెదవికీ మధ్య గడ్డ లేచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మధుమేహం ఉన్నవారు కాలి మీద వచ్చిన చిన్న పుండునూ వాయిదా వేయకూడదు. సర్పికి జేగురు మట్టి పూయించడం దక్షిణాదిలో పలుచోట్ల ఉన్న అలవాటు. పూతకు తిరిగే ఆ రెండు మూడు రోజులే వైద్యానికి విలువైనవి. వైరస్ మందు పొక్కులు కనబడిన 72 గంటల్లో మొదలైతేనే బాగా పనిచేస్తుంది. పొక్కులు నుదుటి మీదో ముక్కు కొన మీదో వస్తే చూపు పోయే ప్రమాదం ఉంది. అప్పుడు చర్మవైద్యుడితో పాటు కంటివైద్యుడికీ చూపించాలి. విక్టోరియా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉన్న మింటో కంటి ఆసుపత్రి పేటవాసులకు ఇందుకు అందుబాటులో ఉంది.